సాయంత్రం ఆరూ పది జలపాతం

“జలపాతం ఆగిపోవడం మీరెక్కడైనా చూశారా?” అని అడిగాడు గైడు.

ఎదుటి కుర్చీలో ఉన్న బీమా కంపెనీ అధికారి తల ఎత్తలేదు. “వేసవిలో ఎండిపోతాయి.”

“ఎండడానికి నెలలు పడుతుంది. ఇది నలభై నిమిషాల్లో ఆగిపోయింది. మీరే చదవండి. ‘ఉదయం 5.40, జలపాతం మొదలు. 6.20, జలపాతం ఆఖరు.’ ఇరవై రెండేళ్లు జనానికి జలపాతాలు చూపించినవాణ్ణి సార్ నేను. ఆఫీసు వేళలు పాటించే జలపాతం ఒక్కటీ తగల్లేదు నాకు.”

“నాకు జలపాతంతో పనిలేదు. ఆ రెండు లైన్ల మధ్య ఏముందో దానితోనే పని.”

ఆ రెండు లైన్ల మధ్య ఉన్నది ఇదీ: ‘5.55, మేడంకి ఛాతీలో నొప్పి. ఎడమ చెయ్యి లాగుతోంది. డాక్టరు వచ్చి గుండె జబ్బు అన్నాడు. ఎవరికీ చెప్పవద్దని మేడం ఆజ్ఞ.’ పైన ఆరేళ్ల కిందటి తేదీ. తేదీ కింద ‘ద్వీపం హోటల్, గది నంబరు 7, మూడో రోజు’. అంతా టైపు మిషను మీద కొట్టింది. కాగితం ఎడమ అంచున ఫైల్లో గుచ్చడానికి రెండు రంధ్రాలున్నాయి.

గోడ గడియారం పదీ నలభై చూపిస్తోంది. పన్నెండింటికి ఆ అధికారి రిపోర్టు పై ఆఫీసుకి చేరాలి. ఆయన అసలు పేరేదైనా, ఆయన చేతికెళ్లిన క్లెయిము ఏమవుతుందో తెలిసినవాళ్లంతా ఆయన్ని సున్నా గారనే పిలుచుకుంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, లోలోపల కాస్త గర్వం కూడా. లంచం తీసుకోడు, అబద్ధం ఆడడు. ఎదుటివాడు నిజం చెబుతున్నాడని మాత్రం చచ్చినా నమ్మడు.

గైడుకి కూడా పేరు అలాగే అతుక్కుంది. ఒకప్పుడు టూరిస్టు బస్సులో మైకు పట్టుకుని నిలబడి, దిగేటప్పుడు తలలు లెక్కపెట్టుకున్న మనిషి. జనం ఫోన్లోనే టిక్కెట్లు, హోటళ్లు, దారులు అన్నీ చూసుకోవడం మొదలుపెట్టాక ఆ ఉద్యోగం ఊడింది. ఆ తర్వాత డిటెక్టివు అవతారం ఎత్తాడు. పోయిన సూట్‌కేసులు, దొంగ ప్రమాదాలు, కంపెనీలు కొట్టిపారేసిన క్లెయిములు అతని బతుకుతెరువు. బస్సు పోయినా పేరు మిగిలింది.

ఇప్పుడు చిక్కంతా ఈ ఇంటి పై వాటాలో ఉండే టీచరమ్మది. అరవై నాలుగేళ్ల మనిషి, ముప్పై ఏళ్లు పిల్లలకి భూగోళం చెప్పి రిటైరైంది. తొమ్మిదో తేదీన తమ్ముణ్ణి తోడు తీసుకుని, జీవితంలో మొదటిసారి విదేశం వెళ్లింది. పన్నెండో తేదీ సాయంత్రం ఏడింటికి హోటల్ మెట్ల దగ్గర కుప్పకూలింది. గుండె అన్నారు. ఈరోజు పదహారు. క్లెయిము ఒప్పుకుంటే కంపెనీ తరఫు డాక్టరు ఈ మధ్యాహ్నమే ఆమె దగ్గరికి వెళ్లి, పరీక్షలు చేయించి, వెంటబెట్టుకుని ఇంటికి తీసుకొస్తాడు. పాత జబ్బు దాచి పాలసీ తీసుకుందని తేలితే డాక్టరూ రాడు, విమానమూ రాదు. పరాయి దేశంలో ఆమె మంచానికి తమ్ముడొక్కడే దిక్కు.

“అమ్మా, ఇలా రండి,” అని సున్నా గారు గుమ్మం వైపు పిలిచాడు.

కింది వాటాలో ఉండే టీచరమ్మ ఆడపడుచు వచ్చింది. బట్టలు కుట్టే మనిషి. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. గైడుకి నిన్న కబురు చేసింది ఈవిడే.

“ఆరేళ్ల కిందట మీ అన్నయ్యగారూ వదినగారూ ఏ ద్వీపానికి వెళ్లారు?”

“ద్వీపమా?”

“పాత పాస్‌పోర్టు ఎక్కడ దాచారో చెప్పినా చాలు.”

“వదినకి పాస్‌పోర్టు వచ్చిందే నాలుగు నెలల కిందట. అన్నయ్యకైతే అదీ లేదు. పోయి మూడేళ్లయింది.”

“మరి ఈ కాగితం?” అంటూ ఆవిడ ముఖం ముందు పెట్టాడు.

ఆవిడ టేపు చివర వేలికి చుట్టుకుంటూ చదివింది. సగం చదివేసరికి నవ్వొచ్చింది, ఆ నవ్వు పూర్తికాకుండానే కళ్లు నిండిపోయాయి. “గది నంబరు ఏడు... వాళ్లెక్కడికీ వెళ్లలేదు సార్. పైకి వెళ్లారు.”

“పైకా?” అని ఉలిక్కిపడ్డాడు సున్నా గారు.

“మీరు అనుకుంటున్న పైకి కాదు. మా వాటాల పైన, మేడ మీది గదికి.”

గది నంబరు ఏడు అనగానే గైడు జ్ఞాపకాల్లో ఎక్కడో ఏదో కదిలింది. “తాళంచెవి ఇస్తారా అమ్మా,” అన్నాడు.

ఆవిడ తెచ్చిన తాళంచెవికి అరచేయంత చెక్క బిళ్ల వేలాడుతోంది. దాని మీద ఇత్తడి అంకె, ఏడు. అంచు విరిగిన చోట జిగురు పెట్టి అతికించి ఉంది. ఆ జిగురు పెట్టింది ఎవరో గైడుకి తెలుసు. పెట్టింది తనే.

మూతబడిన ఒక హోటల్ సామాను అమ్మేస్తుంటే సరదాకి కొన్న బిళ్ల అది. ట్రావెల్స్ ఆఫీసులో తన బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకునేవాడు. ప్రతి వేసవి ముందూ ఒక జంట వచ్చేది. ఆయన గడియారాలు బాగుచేసేవాడు, ఆవిడ టీచరు. కుర్చీలు దగ్గరగా లాక్కుని కూర్చుని, రంగురంగుల కరపత్రాలన్నీ పరిచి, గంటసేపు ప్రశ్నలు వేసేవాళ్లు. ఓడలో భోజనం ఎన్ని గంటలకి? కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందా? ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఎలా? అన్నీ విని, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, “ఈసారికి కాదు బాబూ, వచ్చే ఏడాది చూద్దాం,” అని కరపత్రాలు సంచిలో పెట్టుకుని వెళ్లేవాళ్లు. ఆఫీసులో అందరూ వాళ్లని చూసి నవ్వేవాళ్లు. గైడు కూడా నవ్వేవాడు. ఒక ఏడాది మాత్రం ఎందుకో జాలేసి, ఆవిడ ముచ్చటపడి చూస్తున్న ఆ బిళ్లని తీసి చేతిలో పెట్టేశాడు. అప్పుడు ఆవిడ ముఖం వెలిగిన తీరు ఇన్నాళ్లకి మళ్లీ గుర్తొచ్చింది.

“ఏమిటి, కదలరేం?” అన్నాడు సున్నా గారు.

“వస్తున్నా. మెట్లు ఎక్కేటప్పుడు తల జాగ్రత్త,” అన్నాడు గైడు. పాత అలవాటు.

పదీ యాభై ఐదుకి ముగ్గురూ మేడ మీది గది తలుపు తీశారు.

చిన్న గది. గుమ్మం పక్కనే చిన్న బల్ల, దాని మీద నొక్కే గంట, వచ్చిపోయేవాళ్ల పేర్లు రాసే పుస్తకం. మంచం మీద దుప్పటి నాలుగు మూలలూ లోపలికి మడిచి, హోటల్లో వేసినట్టే వేసి ఉంది. మూల టైపు మిషను. గోడ నిండా కరపత్రాలు. వాటి అంచుల మీద పెన్సిలుతో తను రాసిచ్చిన వివరాలు గైడుకి కనిపించాయి: ఓడ బయల్దేరే వేళ, గది అద్దె, ‘స్వెట్టర్లు తప్పనిసరి’. అక్షరాలు వెలిసిపోయినా చింపినవాళ్లు లేరు.

“ప్రతి వేసవిలో ఐదు రోజులు,” అంది ఆడపడుచు. “సూట్‌కేసు సర్దుకుని, తమ వాటా తలుపుకి తాళమేసి, నాకు టాటా చెప్పి, వీధి చివరిదాకా వెళ్లి వెనక గుమ్మంలోంచి పైకొచ్చేవాళ్లు. ఆ ఐదు రోజులూ నేను పలకరించకూడదు. ఎదురుపడితే నేను హోటల్ మనిషిని. ‘సర్, మేడం’ అనాలి. మొదట్లో నాకు ఒళ్లు మండేది. తర్వాత్తర్వాత వేసవి ఎప్పుడొస్తుందా అని నేనే చూసేదాన్ని.”

“వదినగారు పిల్లలకి దేశాలన్నీ చెప్పారు కదా,” అన్నాడు గైడు మెల్లగా.

“అదే అనేవాడు అన్నయ్య. నువ్వు చెప్పిన దేశాలన్నీ నీకు చూపిస్తానే అని. చూపించకుండానే పోయాడు.”

సున్నా గారు గొంతు సవరించుకున్నాడు. “సెంటిమెంటు బాగుంది. ఇంట్లోనే అనుకుందాం. ఛాతీనొప్పి ఇంట్లో వస్తే నొప్పి కాకుండా పోతుందా? డాక్టరు చూశాడని రాసి ఉంది. పాలసీ కాగితంలో జబ్బులేవీ లేవని సంతకం పెట్టింది. నాకు అంతవరకు చాలు.”

గైడుకీ ఒక్క క్షణం అనుమానమొచ్చింది. టీచరమ్మ నిజంగానే దాచిందేమో! ఇన్నేళ్లు ఎదురుచూసిన ప్రయాణం చేజారిపోతుందని భయపడిందేమో!

అలమారలో ఫైలు దొరికింది. అట్ట మీద ‘మా విదేశీ యాత్రలు’. పద్నాలుగు వేసవులు, రోజుకో కాగితం. గడియారాల మనిషి కదా, నిమిషాలతో సహా కొట్టాడు. ‘8.05, టిఫిను. 8.31, మేడం నవ్వారు. కారణం తెలియరాలేదు.’ గైడు చదువుతూ నవ్వుకున్నాడు. ఆరేళ్ల కిందటి వేసవి దగ్గరికొచ్చేసరికి మొదటి రోజు, రెండో రోజు, నాలుగు, ఐదు ఉన్నాయి. మూడో రోజు లేదు.

“చూశారా?” అన్నాడు సున్నా గారు. “లేనిది నా దగ్గరుంది. రంధ్రాలు కూడా సరిపోతున్నాయి.”

“జలపాతం ఎక్కడమ్మా?” అన్నాడు గైడు ఆ మాట విననట్టు.

ఆడపడుచు కిటికీ తీసింది. కింద పెరటి గోడకి నల్లరాళ్లు ఎగుడుదిగుడుగా పేర్చి ఉన్నాయి. సరిగ్గా వాటి పైన నీళ్ల ట్యాంకు గొట్టం. “కుళాయి నీళ్లు వదిలినప్పుడు ట్యాంకు నిండి పొంగుతుంది. ఆ నీళ్లు ఊరికే పోకూడదని అన్నయ్య రాళ్లు పేర్చాడు. కిటికీ దగ్గర ఇద్దరూ కుర్చీలేసుకుని, టీ తాగుతూ చూసేవాళ్లు.”

“పొద్దున్నే లేచి మరీ టీనా?”

“పొద్దున్నేమిటి? సాయంత్రం. దీపాలు పెట్టకముందు.”

గైడు చెయ్యి ఫైలు మీద ఆగిపోయింది. “మళ్లీ చెప్పండి.”

“నీళ్లు ఎప్పుడూ సాయంత్రమే వచ్చేవి సార్. ఆరూ పదికి. ఈమధ్య కొత్త గొట్టాలు వేశాకే తెల్లవారకుండా వదులుతున్నారు. నా నిద్రకి నీళ్లొదిలేసుకున్నాను.”

“ఈమధ్య అంటే?”

“ఎనిమిది నెలలవుతోంది. బిల్లుతోపాటు కాగితం కూడా పంపారు.”

గైడు ఫైల్లో కాగితాలు ఒక్కొక్కటే తిప్పి సున్నా గారి ముందు పెట్టాడు. ‘సాయంత్రం 6.10, జలపాతం మొదలు.’ ‘సాయంత్రం 6.10.’ ‘6.12, రెండు నిమిషాలు ఆలస్యం, యాజమాన్యానికి ఫిర్యాదు.’ పద్నాలుగు వేసవుల్లో ఒక్క జలపాతమూ పొద్దున దూకలేదు.

“ఇప్పుడు మీ కాగితం చదవండి. ఉదయం 5.40. ఆరేళ్ల కిందట ఈ కిటికీలోంచి ఆ వేళకి గొట్టం, రాళ్లు తప్ప ఏమీ కనిపించేవి కావు. ఇది రాసినవాడు జలపాతాన్ని ఈ ఎనిమిది నెలల్లోనే చూశాడు.”

సున్నా గారు కళ్లజోడు తీశాడు. పెట్టుకున్నాడు. ఫైలు తన వైపు లాక్కుని మొదటి నుంచి చూశాడు. “ఆవిడే ఈమధ్య కొట్టి ఉండొచ్చు,” అన్నాడు. మాటలో మునుపటి బిగువు లేదు.

“తన క్లెయిముకి తనే గొయ్యి తవ్వుకుందంటారా? ఈ గదిలో ఈ ఎనిమిది నెలల్లో ఇంకెవరు పడుకున్నారమ్మా?”

ఆడపడుచు వేలికి చుట్టుకున్న టేపు వదిలేసింది. “వదిన తమ్ముడు. రెండు నెలల కిందట టిక్కెట్ల పని మీద వచ్చి పది రోజులున్నాడు. పొద్దున్నే నీళ్ల చప్పుడికి మెలకువ వచ్చేస్తోందని విసుక్కునేవాడు. టైపు మిషను మీద ఏదో కొడుతుంటే, ఇంకా పనిచేస్తోందా అని నేనే అడిగాను. ఊరికే చూస్తున్నానక్కా అన్నాడు.”

“ఇల్లు ఎవరి పేరున ఉంది?”

“వదిన పేరున. వాళ్ల నాన్న నుంచి వచ్చింది, పిల్లల్లేరు కాబట్టి తన తర్వాత వాడికే. అమ్మేద్దామని వాడు రెండేళ్లుగా వేధిస్తున్నాడు. గది నంబరు ఏడు అమ్మనురా అని వదిన నవ్వేసేది.”

“మరి వాడితోనే ప్రయాణం ఎందుకు పెట్టుకున్నారు?”

“ఒక్కదాన్నే వెళ్లాలంటే భయంగా ఉందంది. నన్ను రమ్మంది. పెళ్లిళ్ల బట్టలు చేతి నిండా ఉన్నాయని నేనే...” అని ఆవిడ మంచం మీద కూర్చుండిపోయింది. హోటల్ దుప్పటి నలిగింది.

పదకొండూ ఇరవై. సున్నా గారు కిటికీ దగ్గర నిలబడి రాళ్లని చూస్తున్నాడు. “దొంగ కాగితమే, ఒప్పుకుంటున్నాను. కానీ ఒకటి అర్థం కావట్లేదు. క్లెయిము వస్తే ఆస్పత్రి ఖర్చు మేమే కడతాం. అక్క క్లెయిము పోగొడితే వాడికేం ఒరుగుతుంది?”

గైడుకి ఒక పాత టూరు గుర్తొచ్చింది. తన గుంపులో ఒక పెద్దావిడ ఓడ మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. పరాయి ఆస్పత్రి, ఎవరి మాటా ఎవరికీ తెలియదు. బీమా కార్డు మీది నంబరుకి ఫోన్ చేసిన అరగంటకి ఎవరో ఆడమనిషి గొంతు పలికింది. ఏ మందు ఇచ్చారు? ఎవరిచ్చారు? పక్కన ఎవరున్నారు? ఆవిడ ఏమైనా తిన్నారా? పూటపూటకీ అదే గొంతు, అవే ప్రశ్నలు. కట్టిన డబ్బు ఎంతో అతనికి గుర్తు లేదు, ఆ గొంతు మాత్రం గుర్తుంది. ఆ తర్వాత పాలసీ తీసుకోనివాళ్లని అతను బస్సెక్కనిచ్చేవాడు కాదు. టీచరమ్మ దంపతులకి కూడా అదే నూరిపోశాడు.

“మీ కంపెనీ ఇచ్చేది డబ్బొక్కటే అనుకుంటున్నారా?” అన్నాడు. “అడిగే మనిషిని ఇస్తుంది. మీ డాక్టరు వెళితే రక్తం తీస్తాడు, ఏం తిన్నావు, ఏం మింగావు అని అడుగుతాడు. క్లెయిము పోతే అడిగేవాడు ఉండడు. ఈ కాగితం మీకెలా వచ్చింది?”

“పోస్టులో. సంతకం లేని ఉత్తరంతో పాటు. పదమూడో తేదీన మా ఆఫీసు ముద్ర పడింది.”

“కవరు?”

“కవరెవరు చూస్తారు?” అంటూనే సున్నా గారు తన ఫైలు తిరగేశాడు. గుమాస్తా కవరుని వెనక పిన్ను కొట్టి ఉంచాడు.

గైడు ఉత్తరం చదవకముందే కవరు తిప్పి చూశాడు. టూరిస్టులు వెళ్లిన చోటి నుంచి పంపే పోస్టుకార్డుల మీద ముద్రలు చూడడం ఒకప్పటి సరదా. ఈ ముద్ర ఎయిర్‌పోర్టు పోస్టాఫీసుది. తొమ్మిదో తేదీ.

“ఉత్తరంలో ఏముంది?”

సున్నా గారు చదివాడు. “‘ఈమె గుండెపోటు క్లెయిము ఒప్పుకోవద్దు. పాత జబ్బు దాచింది. సాక్ష్యం జతపరిచాను.’” చదువుతూ చదువుతూ ఆగాడు. “ఆవిడకి గుండెపోటు వచ్చింది...”

“పన్నెండో తేదీ సాయంత్రం ఏడింటికి.”

ఆడపడుచు ముందు ఒకరి ముఖం, తర్వాత ఇంకొకరి ముఖం చూసి లేచి నిలబడింది. “మూడు రోజుల ముందే వాడికెలా తెలుసు?”

సున్నా గారు ఉత్తరం బల్ల మీద పెట్టేశాడు. “పొద్దున తొమ్మిదిన్నరకి... నేనే ఫోన్ చేశాను,” అన్నాడు. “వాడికి. క్లెయిము రాదు, వేరే ఏర్పాట్లు చూసుకోండని. ఇరవై ఏళ్ల సర్వీసులో రిపోర్టుకి ముందు ఎవరికీ చెప్పలేదు. పాపం, పరాయి దేశంలో ఇబ్బంది పడతాడని చెప్పాను.”

గైడు నోటిదాకా వచ్చిన తిట్టుని మింగేశాడు. “ఆస్పత్రిలో ఆవిడ గదికి ఫోన్ కొట్టండి. స్పీకరు పెట్టండి.”

ఏడు సార్లు మోగాక అవతల నర్సు ఎత్తింది. ఆ దేశపు మాట సున్నా గారికి రాదు. గైడుకి వచ్చు. కాకపోతే అతనికి వచ్చిందంతా హోటల్ కౌంటర్ల దగ్గర నేర్చుకున్న ముప్పై నలభై మాటలు. వాటితోనే అడిగాడు, విన్నదాన్ని తెలుగులో చెబుతూ వచ్చాడు.

“ఆవిడ ఇంకా మంచం మీదే ఉంది... తమ్ముడు డిశ్చార్జి కాగితాల మీద సంతకం పెట్టేశాడట. బండి తేవడానికి కిందికి వెళ్లాడు, పది నిమిషాల్లో వస్తానన్నాడు. అప్పుడే ఎనిమిది నిమిషాలయింది.” మళ్లీ విన్నాడు. కనుబొమలు ముడిపడ్డాయి. “నర్సు సామాను సర్దుతోందట. మంచం పక్కన సీసా ఒకటుంది, అదీ సర్దాలా అని అడుగుతోంది. రోజూ మూడు పూటలా వాడే స్వయంగా వేసే మాత్రలట. ఇంటి నుంచి తెచ్చిన పాత మందు అని చెప్పాడట.”

“మాత్రలా?” అంది ఆడపడుచు. గొంతు కీచుమంది. “వదినకి మాత్ర మింగడం రాదు సార్! తలనొప్పి వచ్చినా పొడి చేసి నేనే తేనెలో కలిపివ్వాలి. వదినకి ఏ మందులూ లేవు!”

గైడు ఫోను రెండు చేతులతో పట్టుకున్నాడు. విషం అన్న మాట ఆ భాషలో అతనికి తెలియదు. హత్య అన్న మాటా తెలియదు. ఇరవై రెండేళ్లలో ఏ హోటల్లోనూ వాటితో పని పడలేదు. తెలిసిన మాటలే వెతుక్కుని, బస్సులో మైకు పట్టుకున్న రోజుల్లోలా నిదానంగా, గట్టిగా పలికాడు.

“గది తాళం వేయండి. లగేజి ఎవరికీ ఇవ్వకండి. మేడం ఇక్కడే ఉంటారు. నేను చెప్పేదాకా తలుపు తీయకండి.”

అవతల పరుగెత్తిన చెప్పుల చప్పుడు, గడియ పడిన చప్పుడు. నర్సు ఊపిరి దగ్గరగా వినిపించింది.

ఆ వెంటనే ఎవరో తలుపు తట్టారు.

“అక్కా,” అంది తలుపు అవతలి గొంతు, ఎంతో ప్రేమగా, తెలుగులో. “బండి వచ్చింది. వెళ్దామా?”